ఆఫీసు కరెంటు ఇంటి మీటరు మీద

భోగాపురంలో హైవే దిగి సముద్రం వైపు వెళ్తుంటే ఒక పక్క కొత్త విమానాశ్రయం, ఇంకో పక్క కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు తోటలు. నడుమ ఊళ్లు. పెంకుటిళ్లు తగ్గుతూ డాబాలు పెరుగుతున్న ఊళ్లు. వేసవి వస్తే ఆ డాబాల మీద వడియాలు, మిరపకాయలు, తీరానికి దగ్గరైతే చేపలు ఎండుతుంటాయి. కింద గదిలో తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న మేనేజరుతో మాట్లాడుతున్న కొడుకో కూతురో ఉంటారు. 2020 లాక్‌డౌన్‌తో ఊరు చేరిన ఈ కొలువు ఆ తర్వాత పూర్తిగా వెనక్కి పోలేదు. వారానికి రెండు రోజులో, నెలకి పది రోజులో ఇంట్లోనే ఉండిపోయింది. పైన మండే ఎండ, కింద నడిచే ఏసీ, రెంటికీ నడుమ ఐదంగుళాల శ్లాబు. ఆ శ్లాబు మీద సోలార్ ప్యానెళ్లు ఎక్కాలని అందరూ అంటున్నారు. ఎవరి ఖర్చుతో అన్నది మాత్రం ఎవరూ గట్టిగా అడగడం లేదు.

ముందు బిల్లు సంగతి చూడాలి. నెలకి 120 యూనిట్లు కాలే ఒక మధ్యతరగతి ఇల్లు అనుకుందాం. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, లైట్లు, నీళ్ల మోటారు, అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకి అమల్లో ఉన్న స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఈ లెక్కన 120 యూనిట్లకి పడేది దాదాపు 395 రూపాయలు. ఇప్పుడు ఆ ఇంట్లో ఒకరు ఆఫీసు పని మొదలుపెట్టారు. ల్యాప్‌టాప్, మానిటరు, ఫ్యాను, వైఫై రౌటరు అన్నీ కలిపి 150 వాట్లు. ఎనిమిది గంటలకి ఒక యూనిట్ దాటి కాస్త. అసలు భారం ఏసీది. ఏడు గంటలు నడిస్తే సుమారు ఏడు యూనిట్లు. 22 పనిదినాలకి అన్నీ కలిపి 180 యూనిట్లు. ఇంటి వాడకం 300కి చేరింది, బిల్లు 1,673 రూపాయలైంది. వాడకం రెండున్నర రెట్లు పెరిగితే డబ్బు నాలుగు రెట్లు దాటింది. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు, సుంకం దీనికి అదనం.

కారణం స్లాబుల్లో ఉంది. అమ్మ ఫ్రిజ్‌కీ నాన్న టీవీకీ చవక యూనిట్లు సరిపోతున్నాయి. వాటి పైన వచ్చి చేరిన ఆఫీసు యూనిట్ ఒక్కొక్కటీ సగటున ఏడు రూపాయలు దాటుతోంది. ఇదే ఉద్యోగి విశాఖ రుషికొండలోనో హైదరాబాదు మాదాపూర్‌లోనో ఆఫీసు సీట్లో కూర్చుంటే ఆ కరెంటు కంపెనీ ఖాతాలో పడేది. ఇంటికి పంపాక అది ఇంటివాళ్ల ఖాతాలో పడింది. కంపెనీకి అద్దె తగ్గింది, ఏసీ తగ్గింది, క్యాంటీను ఖర్చు తగ్గింది. వాటిలో కరెంటు వాటా భోగాపురం మీటరు మీదికి వచ్చి కూర్చుంది.

డబ్బుతోపాటు పొగ కూడా చేతులు మారింది. కంపెనీలు తమ కర్బన ఉద్గారాలని మూడు పద్దుల్లో రాస్తాయి. తాము కాల్చిన ఇంధనం మొదటిది, తాము కొన్న కరెంటు రెండోది, తమ పని కోసం ఇతరుల చేతుల్లో జరిగినది మూడోది. ఉద్యోగి ఇంట్లో కాలిన ఆఫీసు కరెంటు ఈ మూడో పద్దులో, ఉద్యోగుల రాకపోకల కింద వస్తుంది. ప్రపంచమంతా వాడే 2011 నాటి ప్రమాణంలో దాన్ని కలుపుకోవచ్చు అన్నారే తప్ప కలిపి తీరాలి అనలేదు. మన దేశంలో స్టాక్ మార్కెట్‌లోని మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణ బాధ్యత నివేదిక ఇవ్వాలని సెబీ నిర్బంధం చేసింది. అందులోనూ మూడో పద్దు కంపెనీల ఇష్టానికే వదిలింది. ఉద్యోగి ఇంటికి వెళ్లిన రోజున రెండో పద్దు దానంతటదే తగ్గుతుంది, మూడోది రాయకపోయినా నడుస్తుంది. పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు కేంద్రం పొగగొట్టానికి మాత్రం ఆ యూనిట్ ఆఫీసుదో ఇంటిదో తెలియదు. గ్రిడ్ నుంచి వాడే ఒక్కో యూనిట్‌కి దేశ సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పైన చెప్పిన 180 యూనిట్లకి అది నెలకి 125 కిలోలు.

ఇంటి నుంచి పని చేస్తే ప్రయాణం తప్పుతుంది కదా, ఆ పొగ మిగిలింది కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. భోగాపురం నుంచి భీమిలి మీదుగా రుషికొండ సుమారు 40 కిలోమీటర్లు. రోజూ మోటారుసైకిలు మీద వెళ్లి వస్తే రెండు లీటర్ల లోపు పెట్రోలు, నెలకి తొంభై కిలోల పొగ. అంటే ఏసీ వేసుకుని ఇంట్లో పని చేసే నెలలో మిగిలినదాని కంటే ఎక్కువే పొగ వస్తోంది. కారులో ఒక్కడే వెళ్లేవాడి లెక్క వేరు, కంపెనీ బస్సెక్కేవాడి లెక్క వేరు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2020 జూన్‌లో ఇదే చెప్పింది: కారులో ఆరు కిలోమీటర్ల కంటే దూరం వెళ్లేవాళ్లు ఇంట్లో ఉంటే మేలు, అంతకంటే దగ్గరైనా, బస్సులో రైల్లో వెళ్లేవాళ్లయినా ఇంట్లో ఉండడం వల్ల ఉద్గారాలు పెరగవచ్చు. ఇంటి పని దానంతటదే పర్యావరణానికి మేలు చేస్తుందన్న నమ్మకం సగమే నిజం. మిగతా సగం ఆ ఇంటి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్న దాని మీద ఉంది.

ఈ లెక్కని బయటికి తీసిన పెద్ద కంపెనీ మన దగ్గర ఇన్ఫోసిస్. 2026 జనవరిలో ఆ సంస్థ మూడు లక్షల పైచిలుకు ఉద్యోగులకి ఒక సర్వే పంపింది. ఇంట్లో పని చేసేటప్పుడు ఏ పరికరాలు వాడుతున్నారు, ఏసీ ఉందా, లైట్లు ఎలాంటివి, ఇంటి మీద సోలార్ ఉందా అని అడిగింది. ఇంటి కరెంటు కూడా కంపెనీ ఉద్గారాల్లో భాగమేనని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. చాలా కంపెనీలు ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు. కానీ ఈ రంగమంతా ఇప్పుడు దాటాల్సిన మెట్టు దీని తర్వాతది. ఉద్యోగి ఇంట్లో ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో తెలుసుకున్నాక, ఆ యూనిట్ల స్థానంలో ఎండ కరెంటు రావడానికి కంపెనీ ఎంత ఇస్తుంది? ఆ జవాబు లేకుండా సోలార్ పెట్టుకోమనే ప్రోత్సాహం ఉద్యోగికి ఇంకో ఈమెయిలుగానే మిగులుతుంది.

ఉత్తరాంధ్రలో ఈ ప్రశ్నకి ఇంకో బరువు ఉంది. కరెంటు కోసం ఈ తీరం చెల్లించిన ధర మరిచిపోయేది కాదు. 2010 జులై 14న సోంపేట బీలలో థర్మల్ కేంద్రం వద్దన్నందుకు పోలీసు కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపరలో మళ్లీ కాల్పులు. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. వరి పండించే, చేపలు పట్టే, పశువులు మేసే చిత్తడి నేలల కోసం రైతులూ మత్స్యకారులూ నిలబడ్డారు. భోగాపురం నుంచి పూసపాటిరేగ దాటి రణస్థలం మండలంలోకి వెళ్తే కొవ్వాడ. ఒక్కొక్కటీ 1,208 మెగావాట్లవి ఆరు అణు రియాక్టర్ల కోసం అక్కడి ఊళ్లని ఖాళీ చేయించే ప్రక్రియ ఏళ్ల తరబడి నడుస్తోంది. భోగాపురంలోనే విమానాశ్రయం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట జనం తరతరాల ఇళ్లు వదిలారు. 2026 జనవరి 4న పరీక్ష విమానం దిగింది ఆ నేల మీదే. పెద్ద పనికి పెద్ద జాగా కావాలి, జాగా ఇచ్చేవాడు ఎప్పుడూ ఊరివాడే. డాబా మీది ప్యానెల్‌కి ఎవరి పొలమూ అక్కర్లేదు, ఎవరి చెరువూ అక్కర్లేదు. ఒక కిలోవాట్‌కి వంద చదరపు అడుగుల నీడ లేని చోటుంటే చాలు.

ఇక ఖర్చు. కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కి 18 వేలు, మొత్తం 78 వేల రూపాయల రాయితీ వస్తుంది. దేశం మొత్తం మీద కోటి ఇళ్లు లక్ష్యం, 75,021 కోట్ల కేటాయింపు. రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి రెండు కిలోవాట్లు ఉచితంగా పెట్టే కార్యక్రమం ఉంది. బీసీలకి రెండు కిలోవాట్ల మీద మరో 20 వేలు రాష్ట్రం కలుపుతుంది. పది కిలోవాట్ల లోపు అయితే డిస్కం సాంకేతిక అధ్యయనం కోసం ఆగనక్కర్లేదని 2024 లోనే నిబంధన మార్చారు. ఇంటి స్థాయిలో ఇంత సాయం ఇదివరకెప్పుడూ లేదు.

మూడు కిలోవాట్ల వ్యవస్థ ఇప్పుడు సుమారు రెండు లక్షలు. రాయితీ పోగా లక్షా ఇరవై వేలు ఇంటివాళ్లు పెట్టుకోవాలి. రోజుకి కిలోవాట్‌కి నాలుగు యూనిట్ల సగటుతో నెలకి 300 దాటి యూనిట్లు వస్తాయి; వానాకాలంలో తగ్గుతాయి, ఫిబ్రవరి నుంచి మే దాకా పెరుగుతాయి. మనం చూసిన 300 యూనిట్ల ఇంటికి నెలకి పదహారు వందలు మిగిలితే పెట్టుబడి తిరిగి రావడానికి ఆరేళ్లు పైన పడుతుంది. అదే కంపెనీ 40 వేలు ఇస్తే? ఇంటివాళ్ల వాటా 80 వేలు, నాలుగేళ్లకి కాస్త పైన. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయి. ఆరేళ్లంటే భయపడే తండ్రి నాలుగేళ్లంటే సంతకం పెడతాడు. ఆ నలభై వేలు కంపెనీకి ఒక ఉద్యోగి మీద ఒక్కసారి పెట్టే ఖర్చు. ఒక సీటు అద్దె, ఏసీ, జనరేటరు మీద ఏడాదికి ఏడాది మిగుల్చుకుంటున్న సంస్థ ఇది ఇవ్వలేనిది కాదు.

విదేశాల్లో ఇలాంటి ప్రయత్నం జరిగింది. 2014లో అమెరికాలో సిస్కో, 3ఎం, కింబర్లీ-క్లార్క్, నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థలు ప్రపంచ వన్యప్రాణి నిధి సాయంతో తమ ఉద్యోగుల తరఫున ఒకే మాటగా బేరమాడి ఇంటి సోలార్‌ని బయటి ధర కంటే బాగా తక్కువకి ఇప్పించాయి. అక్కడ చేసింది కష్టమైన పనేమీ కాదు: ఎన్నో ఇళ్ల కొనుగోలుని ఒక చోటికి తెచ్చి, నమ్మకమైన అమ్మకందారుని ఎంచడం. ఇంటింటికీ తిరిగే ఏజెంట్ల మాటల్లో ఏది నిజమో తేల్చుకోలేక ఆగిపోయే కుటుంబాలకి సగం సాయం అక్కడే దొరుకుతుంది. మిగతా సగం జీతంలోంచి వాయిదాలుగా కోసుకునే చిన్న అప్పు, సబ్సిడీ చేతికొచ్చేదాకా ఆదుకునే అడ్వాన్సు.

ఇక్కడ అందరూ చెప్పే అడ్డంకి ఒకటుంది: ఉద్యోగి ఉండేది అద్దె ఇంట్లో. మధురవాడలోనో కూకట్‌పల్లిలోనో ఫ్లాటు ఓనరుది, పైకప్పు అపార్ట్‌మెంట్ అందరిది, మీటరు ఇంకొకరి పేరున. నిజమే. కానీ ఉత్తరాంధ్ర ఉద్యోగికి చాలాసార్లు రెండు ఇళ్లు. ఒకటి బతుకుదెరువు ఊళ్లో అద్దె గది, రెండోది సొంత ఊళ్లో అమ్మానాన్నల డాబా. పండక్కీ, తుపానుకీ, వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికిన ప్రతి వారానికీ అతను చేరేది ఆ రెండో ఇంటికే. కంపెనీ సాయం ఉద్యోగి చిరునామాకే కాక కుటుంబం చిరునామాకి కూడా చెల్లాలి. తండ్రి పేరున మీటరు, తండ్రి పేరున పథకం దరఖాస్తు, ఉద్యోగి జీతం నుంచి వాయిదా. కూకట్‌పల్లిలో కాలిన కరెంటుకి భోగాపురంలో ప్యానెల్ ఏమిటని లెక్కలవాళ్లు అడగవచ్చు. 2013 డిసెంబరు 31న దక్షిణాది కలిసినప్పటి నుంచి దేశమంతా ఒకే గ్రిడ్. ఇక్కడ ఎండ నుంచి వచ్చిన యూనిట్ అంతమేరకి ఎక్కడో బొగ్గుని ఆపుతుంది. ఒక్క షరతు: ఆ ప్యానెళ్లు ఆ ఇంటివి. కంపెనీ తాను ఇచ్చిన వాటా మేరకే తన నివేదికలో రాసుకోవాలి, మొత్తం పచ్చదనం తనదని చెప్పుకోకూడదు.

అమెరికా సమయానికి పని చేసేవాళ్లది ఇంకో చిక్కు. సాయంత్రం ఆరింటికి మొదలై రాత్రి రెండింటికి ముగిసే పనికి పగటి ఎండ నేరుగా అందదు. నెట్ మీటరుతో పగలు గ్రిడ్‌కి పంపిన యూనిట్లు రాత్రి వాడకంలోంచి తగ్గుతాయి కాబట్టి బిల్లుకి సమస్య లేదు. అయితే ఆ రాత్రి వచ్చే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. కాబట్టి రాత్రి షిఫ్టువాళ్లకి ప్యానెల్‌తోపాటు వాడకం తగ్గించే సాయం కూడా కావాలి. మామూలు ఫ్యాను 70 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పై వాట్ల దగ్గర తిరుగుతుంది. ఐదు నక్షత్రాల ఇన్వర్టర్ ఏసీ, 26 డిగ్రీలు, ఫ్యానుతో కలిపి. కొత్త ఏసీలు వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని 2020 నుంచి నిబంధన ఉంది. ఇంట్లో చాలామంది దాన్ని 18కి దింపేస్తారు.

తీరం వాళ్లకి అన్నిటికంటే ముఖ్యమైన మాట తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు వరసలు వరసలుగా పడిపోయి, విజయనగరం, శ్రీకాకుళం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానం కొబ్బరితోపాటు కరెంటు లైన్లనీ పడగొట్టింది. అలాంటి రాత్రి మామూలు సోలార్ పెట్టుకున్న ఇంటికి ఒక ఆశాభంగం ఎదురవుతుంది. "సోలారు పెట్టించీసినాం కదా, మరి కరెంటేటి లేదు?" అని పెద్దవాళ్లు అడుగుతారు. గ్రిడ్‌తో ముడిపడిన ఇన్వర్టరు, గ్రిడ్ పోగానే తానూ ఆగిపోతుంది. ఆగాలి కూడా. లేకపోతే తెగిన తీగ బాగు చేస్తున్న లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. ఈ విషయం అమ్మేవాళ్లు ముందే చెప్పాలి. బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టుకుంటే ఇంటి వరకూ కరెంటు నిలుస్తుంది. ల్యాప్‌టాప్, రౌటరు, ఫ్యానుకి ఒక పనిదినానికి కావలసింది ఒక యూనిట్ చిల్లర. అది రెండు యూనిట్ల చిన్న బ్యాటరీతో నడిచిపోతుంది. కంపెనీలకి ఇది ఉపకారమే కాదు, అవసరం. తుపాను రోజున ఊళ్లో ఉన్న ఉద్యోగి పని ఆగకుండా ఉండాలంటే బ్యాటరీ ఖర్చు సంస్థ పెట్టడం న్యాయం.

ఉప్పు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ముక్కాం, చేపలకంచేరు లాంటి తీరగ్రామాల్లో తలుపు గడియలు ఎలా తుప్పుపడతాయో అక్కడివాళ్లకి తెలుసు. లోపలి ఊళ్లకి సరిపోయే ఇనుప స్టాండు ఇక్కడ నిలవదు. మందంగా జింకు పూత పట్టించిన ఉక్కో, అల్యూమినియమో, స్టెయిన్‌లెస్ నట్లూ బోల్టులూ కావాలి. ఉప్పు మంచు పరీక్ష నెగ్గిన ప్యానెలా కాదా అని అడగాలి. గాలికి ఎగరకుండా స్టాండు తక్కువ వాలుతో, శ్లాబులోకి దిగిన బిగింపుతో ఉండాలి. భోగాపురం అక్షాంశం 18 డిగ్రీల దగ్గర కాబట్టి దక్షిణం వైపు అంత వాలు చాలు. పది పదిహేను రోజులకోసారి తెల్లారగట్ల నీళ్లతో తుడిస్తే ఉప్పు, ఎర్రమట్టి ధూళి పోతాయి. ఒక కంపెనీ వెయ్యి ఇళ్లకి ఒప్పందం చేసేటప్పుడు ఈ నిబంధనలు కాగితం మీద రాయించగలదు. ఒక్కో ఇల్లు విడిగా వెళ్తే ఏజెంటు ఏది చూపిస్తే అదే.

రాష్ట్ర ప్రభుత్వానికీ ఇందులో పాత్ర ఉంది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, మహిళలకి ముఖ్యంగా, ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున పెంచుతామన్నారు. ఊరూరా ఐటీ పని చోట్లు రావడానికి ఐటీ విధానంలో రాయితీలు పెట్టారు. విశాఖలో టీసీఎస్‌కి 21.16 ఎకరాలు, కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కి 21.31 ఎకరాలు నామమాత్రంగా 99 పైసల ధరకి కేటాయించారు. గూగుల్ డేటా సెంటరు కోసం 15 బిలియన్ డాలర్ల ప్రకటన 2025 అక్టోబరులో వచ్చింది. ఉద్యోగాలు రావాలి, అందులో రెండో మాట లేదు. అంత తక్కువకి భూమి ఇచ్చే ప్రభుత్వం తర్వాతి ఒప్పందాల్లో ఒక వాక్యం చేర్చవచ్చు: ఇంటి నుంచి పని చేయించుకునే ప్రతి స్థానిక ఉద్యోగి ఇంటి సోలార్‌కి కంపెనీ కొంత వాటా ఇవ్వాలి అని. విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు డిస్కం నెట్ మీటర్లు వెంటవెంటనే బిగిస్తే ఆ వాటా వృథా పోదు.

ఒక హెచ్చరిక కూడా. ఉద్యోగి ఇంటి మీటరు అతని హాజరు పట్టీ కాకూడదు. ఏ గంటకి ఎంత కరెంటు వాడాడో కంపెనీకి తెలియనక్కర్లేదు. ఏడాదికి ఎన్ని యూనిట్లు ప్యానెల్ నుంచి వచ్చాయో ఇన్వర్టరు చెబుతుంది, ఆ ఒక్క అంకె చాలు. ప్యానెల్ పెట్టలేని ఇంటివాణ్ణి, రేకుల ఇంటివాణ్ణి, వద్దనుకున్నవాణ్ణి తక్కువ చేసి చూడకూడదు. అద్దె అపార్ట్‌మెంట్ వాళ్లకి వేరే దారులు ఉన్నాయి. అపార్ట్‌మెంట్ సంఘం ఉమ్మడి లిఫ్టులకీ నీటి మోటార్లకీ సూర్యఘర్ కింద కిలోవాట్‌కి 18 వేల రాయితీ వస్తుంది. ఢిల్లీలో 2019 నుంచి ఒక చోటి సోలార్‌ని చాలా మీటర్లకి పంచే పద్ధతి ఉంది. దాన్ని మన అపార్ట్‌మెంట్లకి, ఊరి పంచాయతీ భవనాలకి వర్తింపజేస్తే సొంత పైకప్పు లేని ఉద్యోగికీ వాటా దొరుకుతుంది.

కంపెనీల కొత్త లెక్కల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఈ తీరంలో ఏసీల కాలం కూడా అప్పుడే. బేరం, దరఖాస్తు, స్టాండు, నెట్ మీటరు అన్నీ కలిపి రెండు మూడు నెలలు వేసుకోవాలి. సంక్రాంతికి ఊరొచ్చిన ఉద్యోగి చేతిలో కంపెనీ ప్రకటన ఉంటే, అమ్మానాన్నలతో కూర్చుని డాబా మీద ఎక్కడ నీడ పడుతుందో చూసుకుని, కొబ్బరి చెట్టుకి కాస్త ఎడంగా జాగా గుర్తు పెట్టుకుని వెళ్లగలడు. వడియాలకి మిగతా సగం డాబా ఉంటుంది.